అమ్మకు బోనం.. జనానికి బజ్జీ
లష్కర్‌ జాతరలో తిండి కథ

సికింద్రాబాద్‌: ఆషాఢమాసపు ముసురులో ఉజ్జయినీ మహంకాళి ఆలయ వీధులు డప్పు దరువుతో మేల్కొంటాయి. తెల్లవారక ముందే పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టిన కుండలు మహిళల తలలపైకి చేరుతాయి. అదే వేళకు జనరల్‌ బజారు, రాంగోపాల్‌పేట మలుపుల్లో నూనె బాణలులు పొయ్యిలెక్కుతాయి. ఒకవైపు అమ్మవారికి నైవేద్యం, మరోవైపు గంటల తరబడి వరుసలో నిలబడి దర్శనం ముగించుకొని వచ్చే జనానికి వేడివేడి చిరుతిండి. జాతరకు పోయి ఏమీ తినకుండా ఇల్లు చేరినవారు అరుదు. ఈ జాతరలో ఏం తింటారు, అది ఎలా తయారవుతుంది, దానిలో మేలెంత, జాగ్రత్త పడవలసింది ఎక్కడ అన్నది పరిశీలిస్తే నగర చరిత్ర కూడా కొంత బయటపడుతుంది.

పేరులోనే భోజనం

బోనం అనే మాట భోజనం నుంచి వచ్చింది. కొత్త మట్టికుండను గాని, ఇత్తడి బిందెను గాని శుభ్రం చేసి, పసుపు కుంకుమలతో అలంకరించి, వేపమండలు కట్టి, అందులో వండిన అన్నం పెట్టి, మూతపైన దీపం వెలిగిస్తారు. లోపల ఉండేది ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది. కొందరు పాలు, బెల్లం వేసి పరమాన్నం వండుతారు. కొందరు పసుపు అన్నం పెడతారు. పెరుగు, ఉల్లిపాయ కలిపేవారూ ఉన్నారు. ఏ ఇంటి బోనమైనా ఆ రోజు వండినదే కావాలి, వండిన ఇంట్లో ఎవరూ ముందుగా ఎంగిలి చేయరాదు. అమ్మవారి ఎదుట సాక పోసి, నైవేద్యం సమర్పించిన తరువాతే మిగిలిన దానిని ప్రసాదంగా ఇంటిల్లిపాది పంచుకుంటారు.

ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందన్నది భక్తుల నమ్మకం. కొత్తగా పెళ్లయిన ఆడపడుచులు ఆషాఢంలో పుట్టింట ఉండే ఆచారం తెలిసినదే. పుట్టింటికి వచ్చిన బిడ్డకు వండి పెట్టినట్టే అమ్మకూ వండి పెడతారు. అందుకే బోనంలో ఆడంబరమైన పిండివంటలు కనిపించవు. ఇంట్లో తినే అన్నమే అమ్మకూ నైవేద్యం.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన విషయం చెప్పుకోవాలి. జాతర ఆదివారం నాడు వరుసలు చాలా దూరం సాగుతాయి. తెల్లవారుజామున వండిన అన్నం మధ్యాహ్నం దాటాక గాని ఇల్లు చేరకపోవచ్చు. వండిన ఆహారాన్ని సాధారణ ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అన్నంలో వేడికి చావని సూక్ష్మజీవి బీజాలు కొన్ని మిగిలే ఉంటాయి. గోరువెచ్చని స్థితిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలకు అదే కారణమవుతుంది. పాలు పోసి వండిన పరమాన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బోనంలో కొద్దిపాటి అన్నం మాత్రమే పెట్టి, ఇంటివారి భోజనం తిరిగి వచ్చాక వేరుగా వండుకోవడం ఆచారానికి లోటు చేయదు, కడుపుకు మేలు చేస్తుంది. పసిపిల్లలకు, వృద్ధులకు ఆలస్యమైన ప్రసాదాన్ని నోట తాకించి సరిపెట్టడం మంచిది.

మహమ్మారి నాటి మొక్కు

తిండికీ ఈ జాతరకూ ఉన్న బంధం మరొక దారిలోనూ కనిపిస్తుంది. 1806లో అసఫ్‌జాహీ పాలకుడు సికందర్‌ జా పేరిట ఏర్పడిన ఈ నగరం బ్రిటిష్‌ సేనల విడిది. లష్కర్‌ అంటే సైన్యం. ఆ పేరే నేటికీ జాతరకు నిలిచిపోయింది. సైనిక దళంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో బదిలీపై ఉజ్జయినికి వెళ్లారని, ఆ కాలంలో జంటనగరాల్లో కలరా వ్యాపించి వేలాది మంది మరణించారని, మహమ్మారి తగ్గితే అమ్మవారి విగ్రహాన్ని స్వస్థలంలో ప్రతిష్ఠిస్తానని ఆయన మొక్కుకున్నారని ఆలయ స్థలచరిత్ర చెబుతుంది. తిరిగి వచ్చిన తరువాత 1815లో కొయ్య విగ్రహాన్ని ఇక్కడ ప్రతిష్ఠించారు.

కలరా కలుషితమైన నీటితో, ఆహారంతో వచ్చే వ్యాధి. ఆ విషయం అప్పటికి ఎవరికీ తెలియదు. కలరా క్రిమిని ఇటలీలో పచీనీ సూక్ష్మదర్శినిలో చూసింది 1854లో. జర్మన్‌ శాస్త్రవేత్త రాబర్ట్‌ కాక్‌ కలకత్తాకు వచ్చి దానిని నిర్ధారించింది 1884లో. అంటే అప్పయ్య మొక్కుకు 70 ఏళ్ల తరువాత. బోనంలో వైద్యశాస్త్రం ముందే దాగి ఉందని కొందరు గొప్పగా చెబుతుంటారు. అంత దూరం పోనవసరం లేదు. కొత్త కుండ, మరిగిన నీరు, అప్పుడే వండిన అన్నం అనే మూడూ కలరా కాలంలో ఏ ఇంటికైనా మేలు చేసేవే అని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు. నీటి వల్ల వచ్చే జబ్బుల నుంచి పుట్టిన జాతరలో నేటికీ మొదట చూసుకోవలసింది నీటినే.

2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. గోల్కొండలో మొదలయ్యే ఉత్సవాలు లష్కర్‌ మీదుగా లాల్‌దర్వాజాకు చేరతాయి. లష్కర్‌లో ఆదివారం బోనాలు, సోమవారం పచ్చికుండపై నిలబడి భవిష్యవాణి వినిపించే రంగం, ఘటం ఊరేగింపు జరుగుతాయి. పోతరాజుల వీరంగాల నడుమ సాగే ఫలహారం బండ్లది ప్రత్యేక ఆకర్షణ. పేరులో ఉన్నట్టే అమ్మవారికి సమర్పించే ఫలహారాన్ని అలంకరించిన బండిలో పెట్టి బస్తీల నుంచి ఆలయం దాకా తెస్తారు. ఒకనాటి ఎడ్లబండ్ల స్థానంలో నేడు విద్యుద్దీపాల తోరణాలతో లారీలు కూడా కనిపిస్తున్నాయి. బండి ఎంత ఎత్తుగా ఉన్నదన్నదానిపై బస్తీల మధ్య పోటీ పెరిగింది, అందులోని ఫలహారం మాత్రం వెనుకబడింది.

బాణలి ముందు బారులు

జాతర చిరుతిళ్లలో అగ్రాసనం మిరపకాయ బజ్జీదే. ముసురు పట్టిన సాయంత్రం దీనికి సాటి మరొకటి లేదు. పొడవుగా, లావుగా ఉండి కారం తక్కువగా ఉండే బజ్జీ మిరపకాయలను నిలువునా చీల్చి, లోపల చింతపండు గుజ్జు, జీలకర్ర, ఓమ, నువ్వుల పొడి వంటివి కూరుతారు. శనగపిండిలో ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి, జారుగా కాక చిక్కగా కాక పట్టిన పిండిలో ముంచి నూనెలో వదులుతారు. జంటనగరాల్లో బాగా చెల్లే కట్‌ మిర్చి ఇంకో మెట్టు పైది. ఒకసారి సగం వేయించి తీసిన బజ్జీని ముక్కలుగా కోసి, మళ్లీ నూనెలో వేసి కరకరలాడేలా తీస్తారు. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం పడితే ఆ రుచే వేరు.

బజ్జీ పొంగడానికి కారణం వంటసోడా. వేడి తగలగానే అది బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. ఆ బుడగలు పిండిని ఉబ్బిస్తాయి. సోడా ఎక్కువైతే బజ్జీ నూనెను పీల్చుకుంటుంది. చేతికి జిడ్డు అంటుకొని, నాలుకపై సబ్బు రుచి తగులుతుంది. నూనె వేడి కూడా ముఖ్యమే. సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్‌ వద్ద పిండిచుక్క అడుగుకు వెళ్లి వెంటనే పైకి తేలుతుంది. అడుగునే నిలిచిపోతే నూనె కాగలేదని అర్థం. పడగానే నల్లబడితే మితిమీరిందని అర్థం. చేయి తిరిగిన వ్యాపారులు ఉష్ణమాపకం లేకుండానే ఈ తేడా పట్టేస్తారు.

మిరపకాయ ఘాటు గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గింజలు అంటిపెట్టుకొని ఉండే తెల్లని పొరలో ఉంటుంది. ఆ పదార్థం నీటిలో కరగదు. అందుకే కారం తగిలినప్పుడు గ్లాసులకొద్దీ నీళ్లు తాగినా మంట చల్లారదు. మజ్జిగ గాని, పెరుగు గాని తీసుకుంటే తగ్గుతుంది. బజ్జీల బండి పక్కనే మజ్జిగ అమ్మేవారు నిలబడటంలో వ్యాపార దక్షత ఉంది.

అసలు చిక్కు నూనె దగ్గరే వస్తుంది. తెల్లవారి పోసిన నూనె రాత్రి దాకా మరుగుతూనే ఉంటుంది. మిగిలిన దానిలో మర్నాడు కొత్త నూనె కలుపుతారు. పదేపదే కాచిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు పేరుకుంటాయి. వీటి మొత్తం 25 శాతం మించితే ఆ నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. ఇది 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. అధికారుల చేతిలోని పరికరం కొన్ని క్షణాల్లో శాతాన్ని చూపుతుంది. సామాన్యుడికి కళ్లు, ముక్కే పరికరాలు. నూనె నల్లగా, చిక్కగా మారడం, నురగ విరగకుండా నిలవడం, తక్కువ మంటకే పొగ రావడం, ముక్కుకు ఘాటైన వాసన తగలడం కనిపిస్తే ఆ బండి దాటి ముందుకు సాగడం మేలు. జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గర సరుకు వెంటవెంటనే అమ్ముడుపోతుంది కనుక బజ్జీ వేడిగా దొరుకుతుంది. నూనె కూడా తాజాగా ఉందని మాత్రం దాని అర్థం కాదు.

మరో మాట. బజ్జీని పాత వార్తాపత్రిక ముక్కలో చుట్టి ఇవ్వడం జాతర అలవాటు. సిరాలోని రంగులు, రసాయనాలు వేడి నూనెతో కలిసి తిండిలోకి చేరుతాయని, పత్రికల కాగితంలో ఆహారం కట్టరాదని అదే ప్రాధికార సంస్థ 2016లో ఒకసారి, 2023లో మరోసారి హెచ్చరించింది. వార్తాపత్రికను చదివి పక్కన పెట్టాలే గాని నూనె పిండటానికి వాడరాదని పత్రికే చెప్పవలసి రావడం విచిత్రమే. అడిగితే విస్తరాకు దొన్నెలో ఇచ్చే వ్యాపారులూ ఉన్నారు.

కంకులు, గుడాలు, నేరేడు

నూనె వద్దనుకునేవారికి జాతరలో కొదవ లేదు. బొగ్గుల కుంపటిపై చిటపటమంటూ కాలే మక్క కంకి ఆషాఢపు ముసురుకు సరిజోడు. ఉప్పు, కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. కంకి కోసిన క్షణం నుంచి గింజలోని తీపి పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. పొట్టు పచ్చగా, పీచు తడిగా ఉన్న కంకిని ఎంచుకుంటే తియ్యదనం దక్కుతుంది. నిప్పు మీద కాలుతుంది కనుక క్రిముల భయమూ తక్కువ. నిమ్మచెక్కను ముంచే ఉప్పు, కారం గిన్నె శుభ్రంగా ఉన్నదా అన్నది చూసుకుంటే చాలు.

శనగ గుడాలు, బబ్బెర గుడాలు తెలంగాణ పల్లెల నుంచి జాతరలోకి వచ్చినవి. రాత్రంతా నానబెట్టి, ఉడికించి, ఎండుమిర్చి, ఉల్లిపాయలతో తాలింపు పెడతారు. కడుపు నిండుతుంది, మాంసకృత్తులు లభిస్తాయి, ధర అందుబాటులో ఉంటుంది. ఇన్ని సుగుణాలున్నా పిల్లలు వీటి వైపు చూడకుండా రంగుల మిఠాయి వైపు పరుగెత్తడం తల్లిదండ్రులకు అనుభవమే. ఇదే కాలంలో పండే అల్లనేరేడు గంపలూ ఆలయ దారిలో కనిపిస్తాయి. వీటిని తినే ముందు శుభ్రమైన నీటితో కడగడం తప్పనిసరి.

పుట్నాలు, పేలాలు, బెల్లం, కొబ్బరి ముక్కలది వేరే కథ. ఇవి ప్రసాదంగానూ, ఇంటికి తీసుకుపోయే జాతర గుర్తుగానూ చెల్లుతాయి. తడి లేనివి కాబట్టి చాలా రోజులు నిలవ ఉంటాయి. దూరప్రయాణం చేసి వచ్చిన భక్తులు వెనకటి రోజుల్లో జాతర నుంచి పేలాల మూట కట్టుకొని పోవడానికి అసలు కారణం అదే. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని బంగారమని పిలిచి నిలువెత్తు సమర్పించడం తెలిసినదే. జాతర ఏదైనా బెల్లం లేనిదే సాగదు.

దంత వైద్యుడి మిఠాయి

గులాబీ రంగులో దూదిపింజలా గాలిలో ఊగే పీచు మిఠాయి అచ్చంగా మన జాతర సరుకే అనిపిస్తుంది. దాని పుట్టుక మాత్రం అమెరికాలో. విచిత్రమేమిటంటే, 1897లో దాని యంత్రాన్ని ఒక మిఠాయి వ్యాపారితో కలిసి రూపొందించిన విలియం మోరిసన్‌ దంత వైద్యుడు. పళ్లు పుచ్చే తిండిని పళ్ల డాక్టరే కనిపెట్టాడన్నమాట. 1904లో సెయింట్‌ లూయీ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీనిని డబ్బా 25 సెంట్ల చొప్పున 68 వేలకు పైగా అమ్మారు. నేటికీ అమెరికా రాష్ట్రాల వార్షిక సంతల్లో ఇది లేని వీధి ఉండదు. 1897 సికింద్రాబాద్‌కూ మరపురాని సంవత్సరమే. ఆ ఏడు ఆగస్టు 20న రోనాల్డ్‌ రాస్‌ దోమలో మలేరియా పరాన్నజీవిని ఇక్కడే గుర్తించారు.

చక్కెరను కరిగించి, వేగంగా తిరిగే గిన్నె రంధ్రాల గుండా విసిరితే గాలి తగిలి దారాలుగా గట్టిపడుతుంది. అంత పెద్ద మిఠాయిలో ఉండేది కొద్ది చెంచాల చక్కెర మాత్రమే, మిగిలినదంతా గాలి. భయపడవలసింది రంగు గురించి. బట్టల అద్దకంలో వాడే రోడమిన్‌-బి అనే రంగు నమూనాల్లో బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాలను నిషేధించాయి. ముదురు గులాబీ రంగు వేళ్లకు, పెదవులకు అంటుకొని కడిగినా వదలకపోతే అనుమానించాలి. రంగు లేని తెల్లని పీచు మిఠాయి రుచిలో ఏమీ తీసిపోదు. కళ్లకే కొంచెం వెలితి.

మంచు, సోడా, కొత్త తిళ్లు

జాతరలో కడుపును దెబ్బతీసేవి సాధారణంగా వేడి పదార్థాలు కావు, చల్లనివే. నీరు గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. సరుకు నిలవ ఉంచడానికి తయారు చేసిన మంచుగడ్డను తురిమి రంగునీళ్లు పోసి గోలాగా ఇస్తే, ఆ నీటిలో ఉన్నదంతా నోట్లోకి చేరుతుంది. చెరకు రసంలో కలిపే మంచు విషయమూ ఇంతే. మంచు వేయకుండా పిండించుకోవడం నేర్పరుల పద్ధతి. పానీపూరీలోని చింతపండు నీళ్లు ఏ కుళాయివో తెలియనప్పుడు వదిలేయడమే ఉత్తమం.

గోలీ సోడా కథ సరదాగా ఉంటుంది. 1872లో లండన్‌కు చెందిన హైరమ్‌ కాడ్‌ ఈ సీసాకు పేటెంటు పొందారు. లోపలి వాయువు ఒత్తిడికి గోలీ పైకి లేచి మూతిని బిగిస్తుంది. వేలితో నొక్కగానే చప్పుడుతో కిందికి దిగుతుంది. అసలైన ఆకర్షణ ఆ చప్పుడే.

కొన్నేళ్లుగా జాతర వీధుల్లో మోమోలు, బర్గర్లు కూడా చేరాయి. వాటితో ఇచ్చే మయోనీజ్‌ను పచ్చిగుడ్డుతో చేస్తారు. హైదరాబాద్‌లో మోమోలు తిన్న పలువురు ఆస్పత్రుల పాలై, ఒక మహిళ మరణించిన నేపథ్యంలో పచ్చిగుడ్డు మయోనీజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. ఉడకని గుడ్డు ముసురు వాతావరణంలో గంటల తరబడి బయట ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

ఇంటి విందు

వీధిలో తినేది చిరుతిండి అయితే, అసలు విందు ఇంట్లో ఉంటుంది. బోనం సమర్పించి వచ్చాక చుట్టాలు, పక్కాలతో లష్కర్‌ బస్తీలు కిటకిటలాడతాయి. బగారా అన్నం, మటన్‌ కూర, తలకాయ కూర, బోటి, పక్కన పచ్చిపులుసు, కల్లు.. మాంసాహారుల ఇళ్లలో ఆ రోజు వంటింటికి తీరిక ఉండదు. మసాలా దినుసులను నూనెలో వేయించి, నీళ్లు పోసి, బియ్యం వేసి వండే బగారా అన్నం తెలంగాణ వేడుకలన్నింటికీ సాధారణమే. దాని పక్కన పుల్లని, కాచని పచ్చిపులుసు పడితే మాంసం జిడ్డు విరుగుతుంది. అందుకే ఆ జత ఇన్నాళ్లూ నిలిచింది. పొరుగింటి వారిని పిలిచి తినిపించడం జాతర మర్యాద. పిలవకపోతే నిష్ఠూరాలు ఏడాది పొడవునా నడుస్తాయి.

చలికాలపు మరో జాతర

జంటనగరాల వాసులకు వానకాలంలో బోనాలు ఎలాంటివో చలికాలంలో నుమాయిష్‌ అలాంటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు హైదరాబాద్‌ సంస్థాన ఆర్థిక సర్వేకు నిధుల కోసం 1938లో రెండున్నర రూపాయల పెట్టుబడితో పబ్లిక్‌ గార్డెన్స్‌లో స్థానిక సరుకుల ప్రదర్శనగా దీనిని ప్రారంభించారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948లలో జరగలేదు. 1949లో రాజాజీ చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. నిర్వాహకులైన ఎగ్జిబిషన్‌ సొసైటీ ఆదాయాన్ని కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలకు వెచ్చిస్తుంది. దుప్పట్లు, గాజులు కొన్న తరువాత మిర్చీ బజ్జీ తిననిదే నుమాయిష్‌ చూసినట్టు కాదని పాతతరం అంటుంటుంది. 2019 జనవరి 30న జరిగిన అగ్నిప్రమాదంలో అనేక దుకాణాలు బూడిదయ్యాయి. కిక్కిరిసిన చోట పొయ్యి, సిలిండరు, గుడ్డ పందిరి పక్కపక్కనే ఉంటే ముప్పు ఎంతటిదో ఆ రాత్రి తెలిసివచ్చింది. లష్కర్‌ ఇరుకు వీధుల్లో బాణలి పెట్టేవారికీ ఇది వర్తిస్తుంది.

సికింద్రాబాద్‌ పరేడ్‌ మైదానంలోనూ 2018 సంక్రాంతికి అంతర్జాతీయ పతంగుల పండుగతో పాటు మిఠాయిల పండుగ జరిగింది. నగరంలో స్థిరపడిన వివిధ రాష్ట్రాల కుటుంబాలు తమ ఇంటి మిఠాయిలను తెచ్చి అమ్మడం దాని విశేషం.

బండి ఆగితే

2020లో కరోనా కారణంగా బోనాలను ఇళ్లలోనే జరుపుకోవాలని ప్రభుత్వం కోరింది. లష్కర్‌లో భక్తులు లేకుండానే పూజలు సాగాయి. అమ్మవారికి నైవేద్యం ఆగలేదు, వీధిలో బాణలి మాత్రం వెలగలేదు. 2021లో నుమాయిష్‌ రద్దయింది. జాతర నుంచి జాతరకు తిరిగి పొట్టపోసుకునే కుటుంబాలకు ఆ రెండు దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. వారిలో అధికులకు దుకాణం ఉండదు. తోపుడు బండి, బాణలి, అప్పుగా తెచ్చిన పిండి, నూనె మాత్రమే పెట్టుబడి. రెండు రోజుల అమ్మకంపైనే ఆ అప్పు తీరడం ఆధారపడి ఉంటుంది. నల్లబడిన నూనెను పారబోయడానికి చేయి రాకపోవడానికి దురాశ కన్నా ఆ లెక్కే ఎక్కువ కారణం.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వీరికి గుర్తింపు, రక్షణ కల్పించాలని చెబుతోంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం చిన్న బండి అయినా నమోదు చేసుకోవాలి. జాతర రోజుల్లో తనిఖీలు చేసి నూనె ఒలకబోయించడం ఒక పద్ధతి. వాడిన నూనెను జీవ ఇంధన తయారీకి సేకరించే విధానాన్ని ప్రాధికార సంస్థ 2018లోనే ప్రవేశపెట్టింది. సేకరణ వాహనం బజ్జీల బండి దాకా వచ్చి ఎంతో కొంత ధర ముట్టజెబితే నూనె మార్చడానికి వ్యాపారి వెనుకాడడు. ఆలయ పరిసరాల్లో తాగునీటి కుళాయిలు, చేతులు కడుక్కునే చోట్లు, దొన్నెల పంపిణీ ఉంటే సగం సమస్య తీరుతుంది. వీటికయ్యే ఖర్చు జాతర ఏర్పాట్లకు వెచ్చించే మొత్తంలో చాలా చిన్నది.

సోమవారం రంగం ముగిసి, ఘటం సాగిపోయాక బండ్లు ఒక్కొక్కటిగా సర్దుకుంటాయి. మరుసటి ఆదివారం లాల్‌దర్వాజాలో, పాతనగర బస్తీల్లో బోనాలు. బాణలి తోమి, మిగిలిన శనగపిండి మూట కట్టి, ఆ బండ్లలో చాలావరకు మూసీ వైపు దారి పడతాయి.